నియర్ బై

తెగిన చెప్పు చేత్తో పట్టుకుని ఆవిడ ఖాళీ ఇంట్లోకి అడుగు పెట్టింది. అద్దె ఇళ్ళు చూపించే బ్రోకరు ముందే వచ్చి కిటికీలు తెరుస్తున్నాడు.

"బస్టాపు నియర్ అన్నారు. నడిచొచ్చేసరికి చెప్పు తెగింది."

"నియర్ అనలేదమ్మా, నియర్ బై అన్నాను. బై ఉంటే కాస్త అటూ ఇటూ."

"ఓహో! ఆ బై బస్టాపుకి చెప్పే టాటా అన్నమాట."

"స్టేషన్ మాత్రం స్టోన్స్ త్రో. ఇక్కణ్ణుంచి రాయి విసిరితే అక్కడ పడుతుంది."

"విసిరేది మీరా, ఫిరంగా?"

"పోనీ, మార్కెట్ వాకబుల్ డిస్టెన్స్."

"కాళ్ళుండాలే గానీ, పక్క దేశం కూడా వాకబులే లెండి."

"ఇంకో ఇల్లుందమ్మా. దాచడం దేనికి, అది మాత్రం బాగా ఫార్."

"ఎంత ఫార్?"

"ఊరి చివర. మీ ఆయనకి రాకపోకలు కష్టం."

"ఆయన ఉండరు. నేనూ, పాపా."

"అప్పుడప్పుడూ వస్తారు కదమ్మా?"

ఆవిడ చెప్పుని సంచిలో పడేసింది.

"మీ నియర్‌కే నా చెప్పు తెగింది. తాగినవాడు మీ ఫార్ దాకా తూలుకుంటూ రాలేడుగా? పదండి, ఆ ఇల్లు చూపించండి."