ఏటికి ఎదురెళ్ళిన జమ్ము దుబ్బు

పాతరేవులో ఉప్పుటేటి మీదకి వంగిపోయిన చింతచెట్టు ఉంది చూశారూ, దాని కిందకి ఈ ఊళ్ళో ఎవరూ ఎందుకు పోరో మీలో ఒక్కడికైనా తెలుసా? తెలీదు. కాయలు కాసి కాసి నీళ్ళలో రాలి కొట్టుకుపోతాయి గానీ, నాలుగు కాయలు ఒళ్ళో వేసుకొచ్చి చేపల పులుసు పెట్టుకున్న ఆడమనిషి లేదు. మీ నాన్నల్ని అడిగితే దెయ్యం ఉందిరా అని ఊరుకుంటారు, వాళ్ళకీ అంతకు మించి తెలీదు కాబట్టి. నేను చెప్తా, దగ్గరికి జరగండి. ఆ దెయ్యం పరాయోడు కాదు, నా సొంత బావ.

మా చెల్లెలు నాంచారమ్మ మొగుడు, పెద్దిరాజు. మనిషి చూస్తే బక్కపల్చటోడు, మూడు మెతుకులు తిని చేయి కడిగేసేవాడు, కానీ పరజల వేటలో వాడికి వాడే సాటి. పరజలంటే తెలుసా మీకు? అడవి బాతులురా, మార్గశిరం వచ్చేసరికి మందలు మందలుగా దిగేవి, తెల్లారగట్ల అవి లేస్తుంటే ఏరు ఏరంతా ఉడికిపోతున్నట్టు చప్పుడు! ఇప్పుడు పిట్ట మీద చేయి వేస్తే జైల్లో పెడతారు, మంచిదే, మనిషన్నవాడికి ఆ భయం ఉండాల్సిందే. కానీ అబద్ధం ఎందుకు, ఇప్పుడు తలుచుకున్నా నా ఒళ్ళు గగుర్పొడుస్తది, చూడండి ఈ చెయ్యి, చూడండి!

ఎలా కొట్టేవాళ్ళంటారా? తాటిదోనె మీద మాటు కట్టేవాళ్ళం. మాటంటే ఏం లేదు, దోనె చుట్టూ వెదురుబద్దలు గుచ్చి, జమ్ము కోసుకొచ్చి వాటికి అల్లేస్తే, దూరం నించి చూస్తే నీళ్ళలో మొలిచిన దుబ్బే అనిపించాలి. లోపల మనిషి ఒళ్ళో నాటు తుపాకీ పెట్టుకుని కూచుంటాడు, చేతులు రెండూ తుపాకీ మీదే ఉంటాయి కదా, మరి చేప సంగతో? అందుకని గాలం తాడు కాలి బొటనవేలికి కట్టుకునేవాళ్ళం. పిట్ట వస్తే పిట్ట, చేప పడితే చేప, ఉత్త చేతుల్తో ఇంటికి రావడమనేది లేదు. జమ్ము కోశాక మేమందరం కర్రతో నాలుగు బాదులు బాదేవాళ్ళం, పురుగూ పుట్రా ఉంటే పోద్దని. మా బావ మాత్రం బాదేవాడు కాదు. బాదితే ఆకు నలుగుద్దిరా ఏడుకొండలూ, నలిగిన ఆకుని పరజ ఇట్టే పసిగడుద్ది అనేవాడు. వాడి మాటు మీద పిట్టలొచ్చి వాలేవంటే నమ్ముతారా? ముక్కుతో ఈకలు సర్దుకుంటూ వాడి నెత్తి మీదే కూచునేవి!

అయితే వేటకి ఒక కట్టుబాటు ఉండేది. మాటులో ఉన్నవాణ్ణి ఎవరూ పిలవకూడదు. కనిపించినా కనిపించనట్టు తలతిప్పుకుని దూరంగా పోవాలి. నాకది తెలియక, మా చెల్లెలి పెళ్ళయిన కొత్తలో, బావా చద్దన్నం తెచ్చా అని ఒడ్డు మీంచి కేకేశాను. అంతే! రెండొందల పిట్ట ఒక్కసారిగా లేచిపోయింది. మా బావ నెల రోజులు నాతో మాట్లాడలేదు. మాటులో ఉన్నవాణ్ణి పిలిస్తే మాటు చెడుద్ది, వేట చెడుద్ది, చుట్టరికం చెడుద్ది అని ఊరందరి ముందూ నా చెవి పట్టుకుని చెప్పాడు. ఆ తర్వాత నేను ఒట్టు, ఏటి మీద దగ్గడం కూడా మానేశా.

ఇహ అసలు సంగతికొద్దాం. ఆ ఏడు పరజ మునుపెన్నడూ లేనంతగా దిగింది. మా బావ సాయంత్రం జమ్ము కోసుకొచ్చి, చీకటితోనే మాటు కట్టుకుని, మధ్యాహ్నానికి వస్తానని నాంచారమ్మకి చెప్పి వెళ్ళాడు. నేను పొద్దు పొడిచాక నా దోనె మీద బయల్దేరాను, చింతచెట్టు దాటి మలుపు తిరిగేసరికి కనిపించింది, మా బావ మాటు! ఎలా గుర్తుపట్టానంటే, దాని చుట్టూ నీళ్ళు కనబడకుండా పిట్టలు, మాటు మీద పిట్టలు, గెడ మీద పిట్టలు, జమ్ము లోంచి కొద్దిగా బయటికొచ్చిన మనిషి చెయ్యి మీద కూడా ఒక పరజ కూచునుంది. ఎంత నిబ్బరంరా బాబూ, చేతి మీద పిట్ట కూచున్నా కదలట్లేదే అని మురిసిపోయాను, కాస్త కుళ్ళుకున్నాను కూడా, దాచుకోవడమెందుకు. పిలవలేదు. తలతిప్పుకుని, తెడ్డు చప్పుడు కాకుండా, వచ్చిన దారినే వెళ్ళిపోయాను.

మధ్యాహ్నమైంది, రాలేదు. పొద్దుగూకింది, రాలేదు. నేను గుండెలు బాదుకుంటూ పదిమందిని తీసుకుని ఆ మలుపుకి పోయాను, అక్కడ మాటు లేదు, దోనె లేదు, ఒక ఈక కూడా లేదు. నాలుగు రోజులు ఏరంతా వలలు వేసి గాలించాం. వాడు కట్టిన మాటు మరి, పరజ కంటికే ఆనదు, మన కంటికి ఆనుద్దా? పక్కనించే పోయినా పోయుంటాం. లోకులు కాకులు కదా, అయిదో రోజుకల్లా పెద్దిరాజు ఏలూరులో ఎవత్తెనో పెట్టుకుని పోయాడని మొదలెట్టారు. మా చెల్లెలు అవేం పట్టించుకోకుండా రోజూ మధ్యాహ్నం అన్నం మూట కట్టుకుని చింతచెట్టు కిందకి వచ్చి కూచునేది. నుదుట బొట్టు తీయమని అత్తగారి వైపు వాళ్ళు, ఉంచమని మా అమ్మ. మొగుడున్నాడో పోయాడో తెలియని ఆడదాని బతుకు ఎంత నరకమో నేను ఆ తొమ్మిది రోజుల్లో చూశాను. నేను ఆ పొద్దున బావని చూశానన్న ముక్క మాత్రం దానితో అనలేదు. మలుపులో వెతకండని ఊరికి చెప్పాను గానీ, చూసి ఊరుకున్నానని చెప్పడానికి నోరు రాలేదు.

అంతట్లో వీరాస్వామి సంగతి జరిగింది. వీరాస్వామంటే వలకట్ల వీరాస్వామి, ఏనుగంత మనిషి. మావులు, అదే నీళ్ళలో పెట్టిన చేపల బుట్టలు, ఎత్తడానికి పొద్దున్నే పోయినవాడు మధ్యాహ్నం దాకా రాకపోతే వెతుక్కుంటూ వెళ్ళారు. చూస్తే దోనెలో బొమ్మలా కూచునున్నాడు, కళ్ళు తెరుచుకునే ఉన్నాయి, రెప్ప వాల్చడు, నెత్తి మీద ఒక పరజ, భుజాల మీద రెండు పరజలు! నవ్వకండిరా, ఆ వేళ మేమెవరం నవ్వలేదు. నాలుగు చెంబుల నీళ్ళు కొడితే స్పృహలోకొచ్చి చెప్పాడు. ఒక జమ్ము దుబ్బు ఏటికి ఎదురొచ్చిందట. ఎవరిదో మాటు కాబోలని కట్టుబాటు ప్రకారం తలతిప్పుకున్నాడట. అది పక్కకొచ్చి ఆగిందట. లోపల్నించి చిన్న గొంతుతో, ఎన్ని కూచున్నాయి, అని అడిగిందట. వీడు పొరపాటున, రెండొందలుంటాయి అన్నాడట. కదలకు, అందట. అంతే, చిటికెన వేలు కూడా కదల్లేదు.

పోటు తోస్తే ఎదురెళ్ళి ఉంటుందిలే తాతా అంటావేం రా నువ్వు? సముద్రం పోటెత్తితే ఉప్పుటేరు వెనక్కి తన్నుద్దని నాకు తెలీదా? ఇది నీళ్ళు లాగే పాటు వేళ, ఏరు కిందకి పరుగెడుతుంటే దుబ్బు పైకి వచ్చింది. విను ముందు.

ఆ సాయంత్రం నాంచారమ్మ నా దగ్గరికొచ్చి, అన్నయ్యా, ఆ గొంతు ఆయనదే, రేపు పొద్దున నేను దోనె వేసుకుని పోతాను, తెస్తే తెస్తాను, లేకపోతే నేనూ ఆ దుబ్బులోనే ఉంటాను అంది. అన్నంత పనీ చేసే మనిషి అది. నువ్వు ఒడ్డున ఉండు, నేను పోతాను అని చేతిలో చేయి వేసి ఒప్పించాను.

తెల్లారుతుండగా చింతచెట్టు కింద దోనె కట్టుకుని కూచున్నాను. ఊరికే కూచోలేని చేతులు కదా, కప్పపిల్లని గుచ్చి గాలం విసిరి, అలవాటు కొద్దీ బొటనవేలికి కట్టుకున్నాను. మంచు ఏటి మీద నించి లేస్తోంది. నాంచారమ్మ ఒడ్డున కొంగు బిగించి నుంచునుంది. అప్పుడు వచ్చిందిరా! కింద మలుపు నించి, ఏరు ఇటు పారుతుంటే అటు నించి ఎదురుగా, పచ్చగా, తొమ్మిది రోజులైనా ఒక్క ఆకు వాడని జమ్ము దుబ్బు, దాని మీద కిక్కిరిసి పిట్టలు. నా ముందు నించే పైకి పోయింది. దోనె కట్టిన తాడు కోసేసి తెడ్డందుకున్నాను. అది పోతోంది, నేను తెడ్డు వేస్తున్నాను, అది ఆగితే నేనాగుతున్నాను, నేను దగ్గరయితే అది జరుగుతోంది, నా రెక్కలు ఊడిపోతున్నాయి, ఏరు నన్ను వెనక్కి లాగుతోంది, ఒడ్డున మా చెల్లెలు ముళ్ళూ బురదా చూడకుండా నాతో సమానంగా పరుగెడుతోంది, ఇంకో రెండు తెడ్లు, ఇంకొక్కటి, అదిగో జమ్ము నా చేతికందింది!

సరిగ్గా అప్పుడు లోపల్నించి, ఎన్ని కూచున్నాయి? మా బావ గొంతే. నేను బదులు చెప్పకపోయినా, కదలకు, అన్నాడు. చెయ్యి జమ్ము మీద ఉన్నది ఉన్నట్టే బిగుసుకుపోయింది. నా భుజం మీద ఏదో బరువు పడింది. పరజ. తర్వాత ఇంకోటి నెత్తి మీద, దాని కాళ్ళు ఎంత చల్లగా ఉన్నాయో ఇప్పటికీ ఈ మాడు మీద తెలుస్తూనే ఉంటది. దోనెలు రెండూ కలిసి పైకి పోతున్నాయి. పిలుద్దామని లోపల లోపల గింజుకుంటున్నాను, సరే ఏడుకొండలూ, పిలవనందుకు ఇదే నీకు శిక్ష, ఇలాగే పో అనుకున్నాను.

అంతలో ఏమైందో తెలుసా? నా బొటనవేలు! వేలికున్న గాలం తాడు అలా నీళ్ళలో ఈడ్చుకొస్తూనే ఉంది కదా, కొరమేనురా, తొడంత కొరమేను, కప్పపిల్లని మింగి ఒక్క గుంజు గుంజింది! వేలు ఊడిపోయిందనుకున్నాను, అమ్మోయ్ అని అరిచాను. నోరు తెరుచుకుంది కదా, ఇహ మూస్తానా? బావా! పెద్దిరాజూ! కనబడ్డావురా! నేను చూశానురా నిన్ను, ఆ పొద్దునే చూశాను, ఇంటికి రారా బావా, అని గొంతు చిరిగేట్టు అరిచాను. పిట్టలన్నీ ఒక్క పెట్టున లేచాయి. ఆకాశం కనబడలేదు, ఆ రెక్కల గాలికి నా మెడలో తువ్వాలు ఎగిరి ఏట్లో పడింది. చూస్తుండగానే ఆ పచ్చటి జమ్ము ఎండి గోధుమరంగుకి తిరిగి, దుబ్బు ఆగి, మామూలు దోనెలాగా ఏటి వాలుకి కొట్టుకుపోవడం మొదలెట్టింది.

జమ్ము పక్కకి తీస్తే మా బావ లోపలే ఉన్నాడు. ఒళ్ళో తుపాకీ మందు దట్టించింది దట్టించినట్టే ఉంది. ఎడమ కాలు మోకాలి దాకా నల్లబడింది. కాళ్ళ దగ్గర జమ్ము కట్టలో తాచుపాము కుబుసం. బాదని జమ్ములో వచ్చిందది. పాము కరిచినవాడు కేకెయ్యడా తాతా అంటారు మీరు. వేస్తే పిట్ట లేచిపోద్ది కదరా. ఒక్క దెబ్బ కొట్టి అప్పుడు పోదాంలే అనుకుని ఉంటాడు, వాడి సంగతి నాకు తెలీదా.

చింతచెట్టు కిందకి చేర్చాం, అక్కడే దహనం చేశాం. పదకొండో రోజు నేను నాంచారమ్మని పక్కకి పిలిచి, ఆ పొద్దున చూశాను, కట్టుబాటని పిలవకుండా పోయానమ్మా అని కాళ్ళ మీద పడ్డాను. అది తిట్టలేదు, కొట్టలేదు. నువ్వు చూసినప్పుడు ఆయన బతికున్నాడా అన్నయ్యా, అని మాత్రం అడిగింది.

ఏం చెప్పను? చెయ్యి కదల్లేదు, చచ్చిపోయాడనుకోవచ్చు. వాడు బతికున్నా పిట్ట కోసం కదపడు. పిలిచుంటే తెలిసేది. తెలీదమ్మా అన్నాను. అది బతికున్నన్నాళ్ళూ ఏటా ఒకసారి అదే అడిగేది, నేను అదే చెప్పేవాణ్ణి.

ఇప్పటికీ మార్గశిరంలో ఆ చెట్టు కింద పొద్దున్నే, ఎన్ని కూచున్నాయి, అని వినబడుద్ది. నేను పోయి, ఏమీ లేవు బావా, అన్నీ లేచిపోయినయి, ఇంటికి పో అని అరిచి వస్తుంటాను. మీరు మాత్రం అటు పోకండి. నా మాట వినకుండా పోయారే అనుకోండి, ఆ ఏటి మీద కదలకుండా ఎవడైనా కనబడితే మర్యాదకని తలతిప్పుకుని రాకండి, నోరారా పిలవండి. పిట్టలు పోతే పోతాయి.