కిల్లాడ్ బస్సు ఈల

కొండ మీది కిల్లాడ్ ఊరి నుంచి దిగుతున్న బస్సుకి మంచు కమ్మిన మలుపులో బియ్యం లారీ ఎదురొచ్చింది. కొండదారిలో ఎక్కే బండికే ముందు దారి, కాబట్టి బస్సే వెనక్కి పోవాలి. ఉద్యోగంలో చేరి మూడు రోజులైనా కాని కండక్టరమ్మ ఈల చేతిలోకి తీసుకుంది.

"ఉస్తాద్‌జీ, జనాన్ని దింపేయమంటారా?" అని డ్రైవరుని అడిగింది.

"ఎందుకే పిల్లా? నీ ఈల మీద నీకే నమ్మకం లేదా?"

"నాకెందుకు లేదు? ఆ వెనక సీటు తాతే, ఆడపిల్ల ఈలకి బస్సు కదులుతుందా అని పొద్దుట్నుంచీ సణుగుతున్నాడు."

"సణగనీ. ఈ బస్సు రాకపోతే ఆయన ఊరికి మందుబిళ్ల కూడా చేరదు. డిపోలో ఈ రూటుకి ఎవరు కావాలని అడిగితే నీ పేరే చెప్పాను. దిగు."

"ఒకటి కొడితే ఆగాలి, రెండు కొడితే కదలాలి."

"ఇరవై ఆరేళ్లుగా బస్సు నడుపుతున్న డ్రైవరుకి పాఠాలా? కొట్టవే!"

ఆమె దిగి బస్సు వెనక నిలబడింది. రెండేసి ఈలలకి బస్సు అడుగడుగునా వెనక్కి జరిగింది. చక్రం లోయ అంచుకి మూరెడు దూరంలో ఉండగా ఆమె ఒక్క ఈల కొట్టింది. బస్సు ఠక్కున ఆగింది. లారీ రాసుకుంటూ పైకి పోయింది.

"నిజం చెప్పండి ఉస్తాద్‌జీ, మధ్యమధ్యలో అద్దంలో చూసుకున్నారు కదూ?"

"ఏ అద్దంలో? కుడివైపుది రాయికి తగుల్తుందని ముందే మడిచేశాను. ఎడమదాని నిండా మంచే."

ఆమె బస్సెక్కింది. తర్వాత తలుపు మూసి, వెనక సీటు దాకా ఖంగుమనేలా రెండు ఈలలు కొట్టింది.