ఇప్పచెట్టు కింద గడ్డి లేని ఉద్యానవనం

శ్రీ గవర్రాజు గారు ఎర్రబోరు ప్రభుత్వ నర్సరీలో ఉద్యాన సహాయకులుగా విధుల్లో చేరినది 1989 జూలై 12న. తండ్రిగారు విశాఖ ప్రాంతం నుంచి కిరందూల్ గనుల పనికి వచ్చినవారు. ఆ విశాఖ యాస గవర్రాజు గారి మాటలో నేటికీ ఉంది. 2001లో మన నగర పంచాయతీకి వచ్చి, ఉద్యాన పర్యవేక్షకులుగా ఈనాడు పదవీ విరమణ చేస్తున్నారు. బజారులో నిలువ నీడ లేని ఈ పట్టణం నడిబొడ్డున మూడు ఉద్యానవనాలు వారి హయాంలోనే ఏర్పడ్డాయి.

మొదటిది బస్టాండు వెనుక, చెత్త పోసే జాగాలో వెలిసినది. ప్రారంభోత్సవానికి వారం ముందు ఉదయాన్నే వెళ్ళి చూడగా, మధ్యనున్న ఇప్పచెట్టు కింద కొత్తగా వేసిన గడ్డి అంతా కాలిపోయి ఉంది. ఇర్మె అనే దోర్ల గిరిజన మహిళ అక్కడే కూర్చుని పూలు ఏరుకుంటున్నది. కొత్తగా చేరిన గుమాస్తాగా నేను వారి వెంట ఉన్నాను.

"ఇదేటమ్మా! గడ్డంతా తగలబెట్టేసినావు?" అన్నారు గవర్రాజు గారు.

"గడ్డిల పడ్డ పువ్వు ఎట్ల ఏరాలె సాబ్? ఆకులు కాల్చి నేల సాపు జేసిన. మా అత్త కాలం కాంచి గిట్లనే."

"గేటుకి తాళం ఉంది కదా, ఎలాగొచ్చినావు?"

"గోడ దూకిన. ఈ ఈడుల నన్ను దూకిచ్చిన్రు, పాపం మీకే తాకుద్ది! పార్కు నిన్న వచ్చింది. చెట్టు మాది."

ఇప్పచెట్టు మీద కుటుంబాలకు హక్కుండడం ఈ ప్రాంతపు ఆచారం. ఆ పూలు ఎండబెట్టి అమ్ముకుంటేనే ఇర్మె ఇంట వానాకాలం గడుస్తుంది. పై అధికారులు మాత్రం ఆమెపై ఠాణాలో ఫిర్యాదు చేయాలని, చెట్టు కొట్టించాలని ఆదేశించారు.

"తప్పు నాది సార్. చెట్టు ఎవరిదో అడక్కుండా గడ్డి వేశాను. ఆవిడ మీద ఫిర్యాదుకి సంతకం మాత్రం పెట్టను" అన్నారు గవర్రాజు గారు.

చెట్టు నిలిచింది, వారి పదోన్నతి ఆగింది. ఈ మాట వారెన్నడూ ఎవరికీ చెప్పుకోలేదు కనుక నేను రాస్తున్నాను.

చెట్టు కింద నేలను ఖాళీగా వదిలించి, పూల కాలంలో తెల్లవారకముందే తామే వచ్చి గేటు తీసేవారు. తక్కిన రెండు ఉద్యానవనాలకు నక్షా గీయించక మునుపే, ఒక్కొక్క చెట్టు దగ్గర ఆగి అది ఎవరిదో విచారించారు.

గత వారం ఇర్మె కార్యాలయానికి వచ్చింది.

"నువ్వు దిగిపోతున్నవంట గద సాబ్. వచ్చే ఏడు మాకు గేటు ఎవరు తీస్తరు?"

"తాళం ఉంటే కదమ్మా తీయడానికి! అధ్యక్షుల వారిని ఒప్పించి నిన్ననే పీకించేశాను."

"మరి పశువులు జొరబడ్తయి?"

"తోలడానికి నువ్వు లేవేటి?"

శ్రీ గవర్రాజు గారు, సహధర్మచారిణి శ్రీమతి అప్పలనరసమ్మ గారితో కలిసి, తాళం లేని ఆ గేటు గుండా ప్రతి ఉదయం నడకకు రాగల ఆరోగ్యంతో నిండు నూరేళ్ళు వర్ధిల్లాలని కార్యాలయ సిబ్బంది అందరి పక్షాన మనసారా కోరుకుంటున్నాను.

— పొజ్జా, గుమాస్తా