చెక్కకెక్కిన డ్రిల్లు

ఈ సాయంత్రం సభను నడిపిస్తున్న, పడవల్ని ఒడ్డుకు లాగి బాగుచేసే మన స్లిప్‌వేకు మేనేజరైన గ్రాంట్లీ పాస్కో గారికి, వేయించిన వైటింగ్ చేపల పళ్లేల చుట్టూ చేరి ఇటు వీపు పెట్టిన పెద్దలకు, పడవల యజమానులకు, యూనియన్ మిత్రులకు, ఈ పూటతో పనిబట్టలు విడుస్తున్న మన ఫిట్టర్ వింకో బార్బరిచ్‌కు, మీ యూనియన్ ప్రతినిధి నొయెలీన్ నమస్కారాలు. రెండు నిమిషాలే మాట్లాడమన్నారు. అంతలో ఆపితే అది నేనే కాదని మీకు అనుమానం వస్తుంది. (నవ్వులు)

వింకో, నేను కలిసి పనిచేసిన ఇన్నేళ్లలో ఓట్ల మీద, ఫుట్‌బాల్ మీద, చివరికి టీ ఎంతసేపు కాగాలన్న దాని మీద కూడా పోట్లాడుకున్నాం. "అమ్మాయ్, నీ విప్లవం వచ్చేలోగా ఆ బోల్టు బిగించు" అనేవాడు. ఒక్క విషయంలోనే మా మాట కలిసింది. అది డ్రిల్లు చక్కు, అంటే రంధ్రం తొలిచే బిట్టును పట్టుకునే దవడ.

కొత్తగా వచ్చిన డ్రిల్లులన్నీ చేత్తో తిప్పి బిగించేవే. వాటిని తిట్టను. కేబిన్‌లో చెక్కకు చిన్న రంధ్రాలు వేయడానికి వాటంత సుఖం లేదు. కానీ పడవ అడుగు కింద నిచ్చెనెక్కి నిలబడి, తలపైనున్న ఉక్కులోకి వేలంత లావు బిట్టు ఎక్కించేటప్పుడు, ఆ చక్కు పట్టు ఎంతంటే ఆ పూట నీ పిడికిట్లో ఎంత సత్తువుంటే అంత. చలికి కొంకర్లు పోయిన వేళ్లతో, గ్రీజు చేతులతో బిగించి చూడండి. పైనున్న ఉక్కేమో ఆ బిట్టును కరిచి పట్టుకుంటుంది, చక్కు మాత్రం దాని చుట్టూ ఊరికే తిరుగుతుంది. పాత చక్కుకు మూడు కన్నాలు. మూడింటిలోనూ కీ, అదే ఆ పళ్ల చెవి, పెట్టి వింకో బిగించాడంటే బిట్టు విరగాలే తప్ప జారదు.

"అలా పట్టుకుంటే డ్రిల్లే తిరిగి మణికట్టు విరుగుతుంది నొయెలీన్, జారితేనే నయం" అన్నారు మొన్న పాస్కో గారు. అన్నారు కదా సార్? అందుకే డ్రిల్లుకు పక్కన రెండో పిడి ఉంది. జారిన బిట్టుకు ఏ పిడీ లేదు. కాలిపోతూ కిందికొస్తే, కింద ఉండేది మొహం.

కీ డ్రిల్లులన్నీ తీసేయడానికి కారణం చూపిన ఆ ప్రమాదంలో, కీ ఎగిరి మన తోటి ఫిట్టర్ డార్సీ దవడ పగిలిన మాట నిజం. కానీ ఆ కీని మనం ఎక్కడ కట్టేవాళ్లం? డ్రిల్లు కరెంటు తీగకు, ప్లగ్గు పక్కనే, టేపు చుట్టి. ప్లగ్గు ఊడదీస్తే తప్ప కీ చక్కు దాకా రాదు. ఇద్దరి పని ఒక్కడి నెత్తిన పెట్టాక, టైము చాలక డార్సీ ఆ టేపు కోసి కీని జేబులో వేసుకున్నాడు. ఒకరోజు చక్కులోనే మరిచి స్విచ్ నొక్కాడు. నేరం మనుషుల్ని తగ్గించినవాళ్లది, శిక్ష చక్కుకు.

రిటైరయ్యేవాళ్ల పనిముట్టును జారా అనే గట్టి ఎర్ర కలప చెక్కకు బిగించి, పేరు చెక్కించి ఇవ్వడం మన ఆనవాయితీ. ఇదిగో, ఈ గుడ్డ తీస్తున్నాను. వింకో డ్రిల్లు. మన స్లిప్‌వేలో మిగిలిన ఆఖరి కీ డ్రిల్లు కూడా ఇదే. దీన్ని అతనికి అందించే గౌరవం నాకిచ్చారు. సోమవారం అతని చోట ట్యూనా చేపల పడవ కింద నిలబడే గౌరవమూ నాదే.

నాకు భయంగా ఉంది. యూనియన్ మనిషి మైకులో అనకూడని మాట ఇది. చూడండి, మైకు పట్టుకున్న ఈ చెయ్యి చెమటతో జారిపోతోంది. సోమవారం చక్కు బిగించాల్సింది ఇదే చెయ్యి.

ఏంటి వింకో? ఇలా వచ్చి మైకులో చెప్పు.

"స్క్రూడ్రైవర్ ఎవరి దగ్గరుందీ అంటున్నా." (నవ్వులు)

ఇప్పుడెందుకయ్యా?

"నాకు చెక్క చాలు. నా పేరు దాని మీదుంది, డ్రిల్లు మీద లేదు."

"వింకో, అది కానుక కదా" అంటున్నారు పాస్కో గారు.

"కానుకైతే నాదే కదా సార్. నా వస్తువు నా ఇష్టం. మరలు ఊడొచ్చాయి, ఇదిగో అమ్మాయ్, డ్రిల్లు నువ్వు పట్టు. ఎవరైనా అడ్డొస్తే కబురు చెయ్, నాకింక ఖాళీయేగా."

(చప్పట్లు)

పాస్కో గారూ, సోమవారం దీన్ని వాడొద్దంటే ఇప్పుడే, ఇందరి ముందూ చెప్పండి. చేపల పళ్లెం అందుకుంటున్నారా సార్? దాన్ని ఒప్పుకోలుగానే తీసుకుంటున్నాను.

చెక్కకెక్కించే ముందు ఈ డ్రిల్లుకు మెరుగు పెట్టినవాళ్లెవరోగానీ, తీగ జోలికి పోలేదు. ప్లగ్గు పక్కన కీ, దాని మీద మాసిన టేపు అలాగే ఉన్నాయి. వింకో, నా భయం పూర్తిగా పోలేదు. సోమవారం బిట్టు మార్చే ప్రతిసారీ నిచ్చెన దిగి, ప్లగ్గు ఊడదీసే బిగిస్తాను. ఎంత ఆలస్యమైనా సరే. విన్నవాళ్లకూ, విననట్టు చేపలు తిన్నవాళ్లకూ కృతజ్ఞతలు. సెలవు.