నీళ్ల డ్యూటీ

తోటల సంఘం ఏడాది మీటింగుకు ఇంకా అరగంట ఉంది. పనిముట్ల గదిలో ఇద్దరే ఉన్నారు: సంఘం కార్యదర్శి అయిన టైలరు, పదకొండేళ్లుగా నారుకు నీళ్లు పోస్తున్న రిటైర్డు నర్సమ్మ.

"నాన్చకురా టైలరూ. ఈ నీళ్ల డ్యూటీ లిస్టులో నా పేరెందుకు లేదు?"

"ముందు కూర్చోండి నర్సమ్మా. ఆ బకెట్టు బోర్లించి ఇస్తాను."

"నలభయ్యేళ్లు నిలబడే ఉద్యోగం చేశాను. నా పేరేదీ?"

"ఉంది కదండీ. కింద చూడండి, గౌరవ సలహాదారు."

"అంటే పని లేనివాళ్లకి పెట్టే పేరు. పుట్టగానే నువ్వు ఏడవకపోతే వీపు మీద చరిచి ఏడిపించింది నేను. నా దగ్గరా నీ కబుర్లు? నీళ్లకి ఎవర్ని వేశావు?"

"అదే... ఇంకా ఆలోచిస్తున్నాం."

"ఆలోచించేదేముంది, ఇక్కడ రాసే ఉంది. బేకరీ వాళ్ల కోడలు. నారంతా కుళ్లబెట్టింది ఎవరనుకుంటున్నావు?"

"ఈసారి వానలు కూడా ఎక్కువే కదండీ."

"రేకుల కింద పెట్టిన నారు మీద వానేంటి? నాలుగొందల చామంతి మొలకలు. వేళ్లు నల్లబడి, పట్టుకుంటే జావలా జారిపోయాయి. రోజుకి ఒక్కసారి పొయ్యాల్సింది మూడేసి సార్లు పోస్తే అంతే మరి. ఆ పిల్ల చేరింది, మొక్కలు చావడం మొదలైంది. ఇవాళ అందరి ముందూ లేచి అడుగుతాను. ఆ పిల్లనన్నా తీసెయ్యండి, నన్నన్నా తీసెయ్యండి."

"వద్దు నర్సమ్మా. వాళ్లత్తగారు కూడా వస్తున్నారు."

"రానీ. ఆవిడా వినాలి."

"ఇంట్లో ఆ అమ్మాయిని గడప దాటనివ్వరు. వారానికి నాలుగు పూటలు ఇక్కడికి రావడమే తనకి ఊపిరి. నలుగురిలో మీరు ఆ మాటంటే అదీ పోతుంది."

"వార్డులో ఇలాగే జాలిపడి ఊరుకునుంటే ఎంతమంది పోయేవాళ్లో. తప్పు తప్పే."

"తప్పు తనది కాదు."

"మరెవరిది?"

"ఏదో... జరిగిపోయింది. వదిలెయ్యండి."

"వదలను. నీళ్లు పోసినవాళ్లు తారీఖూ టైమూ చీటీ మీద రాసి డబ్బాలో వెయ్యాలని రూలు పెట్టిందే నేను. ఆ డబ్బా ఇటు తే, తేల్చేద్దాం."

"డబ్బా... ఎక్కడుందో మరి."

"నీ వెనకాల ఉంది. జరుగు."

"నర్సమ్మా, ఇవాళ వద్దు. నా మాట వినండి."

"జరగరా. కళ్లజోడు... ఆఁ. పద్నాలుగో తారీఖు, ఆరింటికి. ఇదీ పద్నాలుగే, ఏడుంబావుకి. మళ్లీ ఎనిమిదిన్నరకి. చూశావా, మూడు. నేను చెప్పలా? పదిహేను, మళ్లీ మూడు. పదహారున నాలుగు. ఈ రాత..."

"ఇటివ్వండి."

"ఈ రాత నాదే."

"నర్సమ్మా..."

"ఇదీ నాదే. ఇదీ. ఒరే, ఇవన్నీ నేను రాసినవే."

"మంచినీళ్లు తాగుతారా?"

"తెల్లారగానే వచ్చి ఒక్కసారి పోసి వెళ్తానురా. ఒక్కసారే. తిరిగొచ్చినట్టు నాకు గుర్తే లేదు."

"తెలుసండీ."

"ఎన్నాళ్లుగా తెలుసు?"

"రెండు నెలలు."

"మందు ఇచ్చిన సంగతి మర్చిపోయి మళ్లీ ఇచ్చిన నర్సుని ఆ పూటే ఇంటికి పంపేదాన్ని నేను. నువ్వు నన్ను సలహాదారుని చేశావు. నాకు భయమేస్తోందిరా."

"నేనున్నాను కదా. రేపు ఇద్దరం డాక్టరు దగ్గరికి వెళ్దాం."

"నా సంగతి తర్వాత. ఆ పిల్లని నోటికొచ్చినట్టు అన్నాను. చేతకానిదానివని అన్నాను. మీటింగు మొదలయ్యేలోపు పిలువు తనని. తప్పు నాదని చెప్పుకుంటే గానీ నా మనసు కుదుటపడదు."

"చెప్పారు నర్సమ్మా."

"ఎప్పుడు చెప్పాను?"

"ఈ నెలలోనే మూడుసార్లు, తన చేతులు పట్టుకుని. మూడోసారి కూడా ఆ అమ్మాయి, అప్పుడే మొదటిసారి వింటున్నట్టు మొత్తం విని, పర్లేదమ్మా అంది."