ధర లేని తాను

ఏరా జీషానూ, ఏమ్మే ఫిర్దోసూ, మీ అవ్వ ఒక ప్రశ్న అడుగుతాంది, జవాబు చెప్పండి. అంగట్లో ఉండే ప్రతి సరుకుకూ ధర ఉండాల్నా?

ఆ ల్యాప్‌టాప్ మూసి చెప్పు నాయనా. జవాబు దాంట్లో లేదు. ఇట్లా నా పక్కన కూచోండి. ఈ కందిబ్యాడల్లో రాళ్లు ఏరుతా మాట్లాడతా. నా చేతులూ నోరూ ఒకేసారి పనిచేస్తాయి, బళ్లో ఉద్యోగమంతా అట్లే గడిచింది.

ఉండాల్సిందే అంటావా. భేష్. ఆ జవాబు చెప్పేదానికి ఇంజనీరింగు చదవాల్సి వచ్చిందా?

ఆ బిల్లుల సాఫ్టువేరు మన బట్టలంగట్లో పెట్టిన రోజు నేను అడ్డం చెప్పలేదు, గుర్తుండాదా? వచ్చిన గిరాకీ పేరు, ఫోన్ నంబరు, ఏం కొన్నాడు, అన్నీ అదే గుర్తు పెట్టుకోని, కొన్నోళ్లకు మెసేజీ గూడా అదే పంపుతుందంటే మంచిదే అన్నా. నాగేంద్ర అనే పిల్లోడు వచ్చి నీకు నేర్పించినాడు. ముందు సరుకు పేరు, తర్వాత మీటరా చీరా అనేది, తర్వాత ధర, కడాకు సేవ్. నేను పక్కనే కూచోని చూసినా. పాఠం బాగానే చెప్పినాడు.

నాకు సంతోషమే. మీ నాయన కమాల్ బాషా నోట్లో ఒక ధర నిలుస్తుందా? వేముల నుంచి వచ్చే పెంచలమ్మ ఉండాది గదా, పొద్దెక్కేదాకా బేరమాడి, గెలిచినాననుకోని, అందరికంటే ఎక్కువిచ్చి పోతుంది పాపం. అందరికీ ఒకటే ధర రాసిపెడితే ధర్మమే.

చీరలు ఎక్కించినావు. లుంగీలు ఎక్కించినావు. అప్పుడు పై అరలో ఉండే తెల్లగుడ్డ తాను వంతు వచ్చింది.

కఫన్ గుడ్డ. పోయినోళ్లకు చుట్టేది.

దానికి మన అంగట్లో ధర లేదు. మీ తాత కరీముల్లా పెట్టిన పద్ధతి అది. వచ్చినోడు ఎంతని అడగడు, మనం ఎంతని చెప్పం. చించి, మడిచి, రెండు చేతులతో ఇస్తాం. నలభయ్యోనాడు దాటినాక ఆ ఇంటోళ్లే వచ్చి, వాళ్లకు తోచింది గల్లా మీద పెట్టి, కాసేపు కూచోని, పోయినోళ్ల ముచ్చట్లు చెప్పి పోతారు. ప్రొద్దుటూరు నిండా బట్టలంగళ్లే గదా. జమ్మలమడుగోళ్లు మన గడపే ఎందుకు ఎక్కుతారనుకున్నావు? నువ్వు బిగించిన ఏసీ గాలికా?

నేను లేనప్పుడు నువ్వేం చేసినావు? ధర గడి ఖాళీగా వదిలినావు. ఎర్రక్షరాలు వచ్చినాయి. సున్నా కొట్టినావు. సున్నా ఒప్పుకోనన్నది. ఆడ ఆగింటే సరిపోయేది. ఆగుతావా? పైవరసలో పంచెల గుడ్డకుండే ధర తెచ్చి కిందికి దించినావు. దాంతోపాటు పండగ తగ్గింపు గూడా దిగొచ్చింది.

నా బళ్లో రాని లెక్కకు ఖాళీ వదిలినోన్ని నేనెప్పుడూ కొట్టలేదు. పక్కోడి పలకలో చూసి ఏదో ఒకటి నింపినోన్నే కొట్టినా.

మిషనుకు ఏం తెలుసంటావా? నిజమే, దానికి తల్లి చావదు. నీకు తెలుసు గదరా.

మొన్న ఖమర్‌బీ పోయింది. నాతోపాటు ఒకే బళ్లో పాఠాలు చెప్పిన మనిషి. వాళ్ల పెద్దోడు మెహతాబ్, నన్ను ఖాలా అని పిన్నమ్మ వరసతో పిలిచేటోడు, గుడ్డకోసం వచ్చినాడు. మీ నాయన మైదుకూరు పోయినాడు, గల్లాకాడ నువ్వుండావు. తల్లి పోయినోన్ని పట్టుకోని ఫోన్ నంబరు అడిగినావు. అడగందే బిల్లు ముందుకు పోదు, అంతేనా? చెప్పినాడు పాపం. అట్లాంటప్పుడు ఏమడిగినా చెప్తారు.

నేను అప్పటికే జమ్మలమడుగులో ఖమర్‌బీ తలకాడ కూచోనుండా. మెహతాబ్ వచ్చి, గుడ్డ ఆడోళ్ల చేతికిచ్చి, స్నానానికి నీళ్లు మోస్తాండాడు. వాళ్ల తమ్ముడు కువైట్‌లో. వాడికి విమానం దొరికిందో లేదోనని ఇల్లంతా కాచుకోనుండాది. అప్పుడు వాడి ఫోనుకు మెసేజీ వచ్చి మోగింది.

“చేతులు తడిగా ఉండాయి ఖాలా. తమ్ముడేమో, చదువు” అన్నాడు.

చదివినా. బళ్లో చదివినట్లే, వెనక బెంచీకి వినపడేటట్లు. “తెల్లగుడ్డ కొన్నందుకు ధన్యవాదాలు. పండగ తగ్గింపు ఇంకా ఉంది. త్వరలో మళ్లీ రండి.” చదివేది ఏందో బుర్రకెక్కేలోపల కడా మాట గూడా నోరు దాటింది.

ఆడుండే ఒకామె ఖమర్‌బీ చెవుల మీదికి దుప్పటి లాగింది.

ఇది మీకు తెలీదు, ఈ పొద్దు మెహతాబ్ అంగడికి వచ్చినాడు. నువ్వు అన్నానికని ఇంటికొచ్చినప్పుడు. బిల్లులో ఎంతుంటే అంత గల్లా మీద పెట్టినాడు. నేను వెనక్కి తోసినా. తీసుకోలేదు.

“మళ్లీ రమ్మన్నారు గదా ఖాలా, వచ్చినా. ఇంక మా ఇంటికి అన్నం పంపొద్దు” అన్నాడు.

కోపంగా గూడా అనలేదురా. కోపమైతే బాగుండు, నాలుగు తిట్టి కూచోబెట్టేదాన్ని. కూచోకుండా పోయినాడు. ఇంక నలభయ్యోనాడు దాటినా రాడు. ఆ ఇంట్లో ఖమర్‌బీ ముచ్చట్లు నాకు చెప్పేటోళ్లు లేరు.

మళ్లీ ఎందుకు తెరిచినావు ఆ ల్యాప్‌టాప్‌ను? ఆ తెల్లగుడ్డ వరస తీసేస్తావా? తీసేయి, చూద్దాం.

ఏమంటాండాది? ఒకసారి బిల్లయిన సరుకును తీసేయనంటాందా? కావాలంటే కనపడకుండా దాచిపెడతానంటాందా?

చూసినావా, నీకంటే అదే నయం. అమ్మింది అమ్మిందే అని దానికి తెలుసు.

పోనీలే. నా కఫన్ వంతు వచ్చిననాడు ఆ ఫోన్ గడిలో నా నంబరే ఎక్కించు. పైకి చదివే మనిషి ఉండదు.

ఏమ్మే ఫిర్దోసూ, క్యారియరు కడిగి పెట్టు. చావింట్లో పొయ్యి వెలగదు, తెలిసినోళ్లే వండి పంపాల. వద్దన్నాడు, అయినా పంపుతా. జీషానూ, నువ్వే తీసుకోని పో. మెహతాబ్ తీసుకుంటే సరి, తీసుకోకుంటే గడపకాడ పెట్టి రా. ఈ అన్నం ఎంతయిందని అడుగుతాడేమో. అడిగితే ఏం చెప్తావో బస్సులో కూచోని ఆలోచించుకో.

జరగండి. బ్యాడలు ఇంకా సగం ఏరాల.