రాళ్ళు లేని బియ్యం

సభకు అధ్యక్షత వహిస్తున్న కల్నల్ రంగనాథ్ గారికి, ముందు వరుసలోని పెద్దలకు, మన కంటోన్మెంటు తెలుగు కుటుంబాలకు, సమోసాల బల్ల వదిలి ముందుకు రాని మా షూటింగ్ జట్టు మిత్రులకు హవల్దార్ హేమసుందర్ నమస్కారాలు. (నవ్వులు)

ఈ నెలాఖరున రిటైరవుతున్న మా శిక్షకుడు సుబేదార్ హనుమయ్య సాబ్ పద్ధతి తెలియనివారికి ఒక మాట చెప్పాలి. పోటీ రోజు పొద్దున ఆయన మాకు ఉపన్యాసం ఇవ్వరు, ఒక్కొక్కరి ముందు పళ్ళెంలో మెస్సు బియ్యం పోసి మనసు కుదురుకునేందుకు రాళ్ళు ఏరమంటారు. "సాబ్, హమ్ బావర్చీ హై క్యా?" మేమేమన్నా వంటవాళ్ళమా అని పంజాబీ కుర్రాళ్ళు గొణిగేవారు. ఆఫీసు తనిఖీ అంటే చాలు ఎక్కిళ్ళు పట్టుకునే మా హెడ్ క్లర్కు ధర్మయ్య గారికీ ఒకసారి పళ్ళెం వెళ్ళింది. అవునా కాదా, ధర్మయ్య గారూ? (నవ్వులు) ఎక్కిళ్ళు తగ్గలేదు గానీ, ఎక్కిళ్ళతోనే ఫైళ్ళన్నీ చూపించి గట్టెక్కారు.

తొంభై నాలుగులో ఢిల్లీ తుగ్లకాబాద్ షూటింగ్ రేంజిలో నా మొదటి పెద్ద పోటీ. వారం రోజులుగా నా కుడిచేయి వణుకుతోంది. చెబితే జట్టులోంచి తీసేసి యూనిట్‌కు పంపేస్తారని, చలి అని అందరికీ అబద్ధం చెప్పాను. ఆ పొద్దున పళ్ళెం ముందు కూర్చున్న నా దగ్గరకు సాబ్ వచ్చి, కాసేపు చూసి, మెల్లగా అడిగారు.

"ఏట్రా, బియ్యం పారబోసి రాళ్ళు దాచుకుంటన్నావు?"

చూసుకుంటే నిజమే. ఇక ఏడుపొక్కటే తక్కువ. ఆయన నా పక్కనే కూర్చున్నారు.

"బయమేస్తందా? సెప్పడానికి సిగ్గేటి? పోటీ రోజంటే నాకిప్పటికీ ముద్ద దిగదు. వణికితే వణకనీ. గురి సూసుకో."

నన్ను తీసేయలేదు. వణుకుతూనే కాల్చాను, నాలుగో స్థానం వచ్చింది. పతకం రాలేదు, కానీ ఆ రోజు తర్వాత నా భయాన్ని ఎవరి దగ్గరా దాచలేదు. అంతటి మనిషి తన భయాన్ని ఒక సిపాయికి చెప్పుకోవడం నేనంతకు ముందు చూడలేదు. ఆయనంటే నాకు ప్రాణం.

ఇప్పుడు సాబ్ శ్రీమతి గారు నాతో చెప్పిన ఒక రహస్యం. జానకీదేవి గారూ, బయటపెడుతున్నానని కోప్పడకండి. రిటైర్మెంటు కాగితం వచ్చినప్పటి నుంచి సాబ్ రోజూ పొద్దున్నే ఇంట్లో పళ్ళెం ముందు కూర్చుంటున్నారట. వాళ్ళు తెచ్చుకునేది శుభ్రం చేసిన ప్యాకెట్ బియ్యం, అందులో రాళ్ళుండవు. పెరట్లోంచి నాలుగు గులకరాళ్ళు తెచ్చి ఆయనే కలుపుకుంటున్నారట. (నవ్వులు)

సాబ్, మీరు మా అందరినీ అడిగారు, భయమేస్తోందా అని. మిమ్మల్ని మాలో ఒక్కరమూ అడగలేదు. ఆ తప్పు మాది. ఇప్పుడు మైకులో జవాబు చెప్పనక్కర్లేదు. రేపు పొద్దున నేను మీ క్వార్టరుకు వస్తాను. నాకూ ఒక పళ్ళెం పెట్టించండి. రాళ్ళు నేను తెస్తాను.

ఇంతసేపు ఓపిక పట్టిన మీకందరికీ కృతజ్ఞుణ్ణి. సెలవు.